ఫోటోలో అత్త

మేనల్లుడి సోఫాల దుకాణం వెబ్‌సైటు కోసం కొత్త సోఫాలో కూర్చుని ఫోటో దిగిన రోజు, చూపులేని మేనత్త "నవ్వు సరిగ్గా వచ్చిందట్రా?" అని వాడి ప్రాణం తీసింది.

ఇవాళ మేనల్లుడు ఎదురుగా ఉండగానే అత్త పక్కింటావిడను కూడా పిలిచి, వెబ్‌సైటు తెరిచి ఫోను గొంతు పెంచింది. ఫోటోకు ఏ వివరణ రాస్తే ఫోను దాన్నే అత్తకు చదివి వినిపిస్తుంది. అది తెలిసీ మేనల్లుడు, నెట్‌లో వెతికేవాళ్ళకు తన దుకాణమే ముందు తగలాలని ఆశపడి, ఆ వివరణ నిండా వాళ్ళు వెతికే మాటలే కుక్కాడు.

"చవక సోఫా, మంచి సోఫా, తగ్గింపు ధర సోఫా, దగ్గర్లో సోఫా," అని ఫోను ఏకరువు పెట్టింది.

మేనల్లుడికి తల కొట్టేసినట్టయింది. అత్తకు కనబడనని తెలిసినా తల దించుకున్నాడు.

అత్త నెమ్మదిగా అడిగింది. "ఒరేయ్, మరి నేనెప్పుడు లేచి వెళ్ళిపోయాన్రా?"