అమ్మ నుదుటి మీద నూనె

ఫాదర్ పెల్టియే వచ్చి తల్లి నుదుటికి అభిషేక తైలం రాసి వెళ్లిన కాసేపటికే, బూట్లకంటిన మంచు దులుపుకుంటూ రోలాండ్ ఆసుపత్రి గదిలోకి వచ్చాడు. ఆ నూనె మెరుపు చూసి మండిపడ్డాడు.

"అప్పుడే అమ్మని సాగనంపేస్తున్నావా అక్కా?"

"అది జబ్బుపడ్డ వాళ్లందరికీ రాస్తార్రా. చచ్చేవాళ్లకే అని నీకెవరు చెప్పారు?" అంది ఓడెట్.

"నాన్నకీ రాశారు. తెల్లారేసరికి పోయాడు."

తనకు తెలివి తప్పితే వైద్యం విషయంలో నిర్ణయం కూతురిదేనని, చర్చి చెప్పినట్టు చెయ్యమని తల్లి ముందే సంతకం చేసి పెట్టింది. చర్చి ఏం చెబుతుందని ఓడెట్ ఇందాక ఫాదర్‌ని అడిగింది. "ప్రాణం తియ్యకూడదమ్మా. కానీ మేలుకన్నా బాధే ఎక్కువైన వైద్యం ఆపితే పాపం కాదు. ఆమెకు ఏది భారమో నువ్వే చూడాలి" అన్నాడాయన. అవునో కాదో చెబుతాడనుకుంటే, చిక్కుముడి మళ్లీ ఆమె చేతికే వచ్చింది.

నర్సు డయాలసిస్ యంత్రాన్ని తోసుకొచ్చింది. తల్లి కళ్లు తెరవకుండానే చెయ్యి దుప్పటిలోకి లాక్కుంది.

"చలేస్తోందేమో" అన్నాడు రోలాండ్. ఈసారి గొంతులో కోపం లేదు.

"ఏమోరా. వద్దంటోందేమో."

ఓడెట్ దుప్పటి కిందికి చెయ్యి పోనిచ్చి తల్లి చేతిని పట్టుకుంది. అది వెచ్చగానే ఉంది.

"ఇవాళ్టికి వద్దండీ" అంది నర్సుతో, చేస్తున్నది తప్పో ఒప్పో తెలియకుండానే.