పెద్ద చేపను వదలడం

ఆ ఉదయం ‘కోటుకు’ పడవ రేవు దాటకముందే నా ఎడమ మోకాలు నొప్పి పెట్టడం మొదలైంది. ముసలి మోకాళ్ళకు నైరుతి గాలి ఒకరోజు ముందే తెలుస్తుందని మా ఊళ్ళో అంటారు. నేను గమనించినంతలో మోకాలికి చలి తెలుస్తుంది, మెట్లు తెలుస్తాయి. గాలి సంగతి వాతావరణ కేంద్రాన్ని అడగడమే మంచిది.

బడిలో సైన్సు చెప్పడం మానేసిన నాటి నుంచి, అంటే పదకొండేళ్ళుగా, ఈ పడవ మీద చేపలను కొలుస్తున్నాను. పడవ మెరియానాది. సరదాకు గాలం వేయాలనుకునేవాళ్ళు పడవను ఒక రోజుకు మాట్లాడుకుంటారు. ఆమె వాళ్ళను మా ఊరి ముందున్న జలసంధిలో, నీటి అడుగునున్న రాతిగుట్టల మీదికి తీసుకువెళుతుంది. గుట్టల మీద ఉండేవి నీలి కాడ్ చేపలు. వాళ్ళు పట్టిన ప్రతి చేపనూ నేను కొలబల్ల మీద పడుకోబెట్టి, పొడవు రాసుకుంటాను. చట్టం చెప్పిన కొలతకు తగ్గితే నీళ్ళలోకి, మించితే పెట్టెలోకి. ఏడాదికొకసారి నా అంకెలు మత్స్యశాఖ శాస్త్రజ్ఞులకు వెళతాయి. ఈ పనికి జీతం లేదు. ఫ్లాస్కు నిండా టీ, రేకులో చుట్టిన చీజ్ రోల్స్ మాత్రం ఉంటాయి.

ఆ రోజు వచ్చినవాళ్ళు పాలపొడి కర్మాగారంలో పనిచేసే ఆరుగురు. వాళ్ళలో నోలీన్ అనే ఆవిడ ముప్పై నాలుగేళ్ళ ఉద్యోగం తర్వాత ఆ వారమే విరమించింది. మిగతావాళ్ళు ఆవిడకు వీడ్కోలుగా ఈ వేట ఏర్పాటు చేశారు. వాళ్ళకు నాయకుడు బ్రోడీ అనే ఎర్రగడ్డం మనిషి, మాట ఆపలేని మనిషి.

"కెప్టెనమ్మా, మా నోలీనక్కకి నీలంగా, నిగనిగలాడేది ఒక్కటి పడాలి. గోడకి ఫొటో కట్టించి ఇస్తాం" అన్నాడు ఎక్కుతూనే. తర్వాత నా చేతిలో అరటిపండు చూసి అదిరిపడ్డాడు. "తాతా! పడవ మీద అరటిపండా? అపశకునం! ఇంక ఇవాళ చేప పడ్డట్టే!"

"అరటిపండు తిన్న రోజులు అరవై రెండు, తినని రోజులు అరవై రెండు లెక్క వేశాను" అన్నాను. "తేడా లేదు నాయనా. మలబద్ధకంలో తప్ప."

నోలీన్ నవ్వింది. మెరియానా నవ్వలేదు. నిన్నా మొన్నా కూడా ఆమె నవ్వలేదు. యాభై ఐదేళ్ళ మనిషి, చుక్కాని మీద రెండు చేతులూ వేసి, కళ్ళు తెరిచి నిద్రపోతున్నట్టుంది.

రేవు వెనకబడ్డాక నేను చుక్కాని గదిలోకి వెళ్ళాను. నాలుగు నెలలుగా ఆమెకు ఒక సంగతి చెప్పాలనుకుంటున్నాను. ఎప్పుడు నోరు తెరిచినా గాలో, ఇంజనో, ఎవరికో వాంతులో అడ్డొచ్చాయి. నిజానికి అడ్డొచ్చింది అవేవీ కాదు.

"ఇవాళ నాన్న బండకే పోతున్నాం మాస్టారూ" అంది తల తిప్పకుండా.

మెరియానా తండ్రి తెయోనె ఈ జలసంధిలో నలభై ఏళ్ళు వేటాడాడు. సముద్రంలోకి చొచ్చుకొచ్చిన కొండకొమ్ము చాటున, పద్దెనిమిది మీటర్ల లోతులో ఉన్న ఆ గుట్ట ఆయనదని అందరూ అనుకునేవారు. ఆయన పోయాక ఆమె అక్కడికి ఒక్క మనిషిని కూడా తీసుకువెళ్ళలేదు. మిగిలిన గుట్టలన్నింటి మీదా గాలాలు పడ్డాయి. దాని మీద పడలేదు.

"అక్కడికెందుకు?"

"మరి ఎక్కడికి? నిన్న ఎనిమిది గంటలు తిప్పితే నలుగురికి కలిపి పదకొండు చేపలు. మొన్న తొమ్మిది. ఊరికే గాలి పీల్చుకోడానికి ఎవరొస్తారు? నాన్న బండ తెరిస్తే ఇంకో రెండేళ్ళు లాగుతాను. ఆ తర్వాత దేవుడున్నాడు."

"ఓ మాట చెప్పాలి మెరియానా."

"మోకాలా?"

"చేపలు."

ఆమె నావైపు చూసింది. నేను పాఠం చెప్పే గొంతు రాకుండా జాగ్రత్తపడ్డాను. "నీలి కాడ్ చాలావరకు ఆడదిగానే బతుకు మొదలుపెడుతుంది. గోధుమరంగులో ఉంటుంది. గుట్టకో పెద్ద మగచేప ఉంటుంది, నీలంగా. అది ఉన్నంతకాలం ఆడవి ఆడవిగానే ఉంటాయి. దాన్ని మనం పట్టేశామనుకో, ఆడవాటిలో పెద్దది మగదిగా మారిపోతుంది. దాన్నీ పట్టేస్తే ఆ తర్వాతది. అలా మారుతూ పోతాయి."

"అయితే?"

"పోయిన శీతాకాలం మనం ముక్కలు కోసుకున్నాక మిగిలిన ముళ్ళగూళ్ళు ఇంటికి తీసుకెళ్ళాను కదా. నలభై ఒకటి. పొట్టలు కోసి చూశాను. కడుపులో గుడ్లున్నవి మూడు. మిగతావన్నీ మగవే."

"పెట్టెలోకి ఎక్కేవి పెద్దవే. పెద్దవి మగవే అంటున్నారుగా."

ఆమె నా దగ్గర చదువుకున్న పిల్లే. నేను నాకు వేసుకున్న మొదటి ప్రశ్న కూడా అదే. "నిజమే. అందుకే వెనక్కి వదిలే చిన్నవాటి రంగు కూడా రాసుకుంటున్నాను. అరచెయ్యి దాటీ దాటనివి నీలంగా వస్తున్నాయి."

"నీలం ఎక్కువైతే గుట్ట బాగుందనేగా మనం..."

"అనుకున్నాం. తప్పు. అందులో గుడ్లు పెట్టేవి మిగల్లేదని అర్థం."

"మనం అనుకోలేదు మాస్టారూ. మీరు చెప్పారు."

అవును, నేనే చెప్పాను. ఆమెకు పదమూడేళ్ళప్పుడు తరగతినంతా రేవుకు తీసుకువెళ్ళాను. తెయోనె తన పడవలోంచి ఒక పెద్ద నీలిచేపను తీసి, పిల్లలకు చూపించి, తిరిగి నీళ్ళలోకి జారవిడిచాడు. ఎందుకని ఒక పిల్లవాడు అడిగాడు. "ఇంటిపెద్ద. ఆయన్ని తీసేస్తే ఇల్లు చెడుతుంది" అన్నాడాయన. నేను ముప్పై మంది పిల్లల ముందు, చిరునవ్వుతో, అది అందమైన నమ్మకమే కానీ నమ్మకమేనని వివరించాను. పెద్ద చేప తన వంతు సంతానాన్ని కని ఉంటుంది, దాన్ని తీసుకుని పిల్లచేపలను పెరగనివ్వాలి, ఇది లెక్క. దీనికి రుజువేమైనా ఉందా అని ఆయన్నే అడిగాను. ఆయన తాడు చుట్టుకుంటూ ఉండిపోయాడు. మెరియానా ముఖం ఎర్రబడింది. అది నా మీద కోపం కాదు, తండ్రి గురించిన సిగ్గు. పడవ తన చేతికొచ్చాక ఆమె తండ్రి పద్ధతి మాని నా పద్ధతి పట్టింది. ఆ గుట్ట ఒక్కదాన్ని మాత్రం ఆయన జ్ఞాపకంగా వదిలేసింది.

"ఎప్పట్నుంచి తెలుసు మీకు?"

"చదివింది ఎనిమిదేళ్ళ క్రితం. అది వేరే తీరం మీద జరిగిన పరిశోధన. మన దగ్గర అలా కాదేమోనని..."

"ఎనిమిదేళ్ళు." ఆమె గొంతు పెరగలేదు. పెరిగితే బాగుండుననిపించింది. "నాన్నని రుజువు అడగడానికి అరనిమిషం పట్టింది. మిమ్మల్ని మీరు అడుక్కోడానికి ఎనిమిదేళ్ళు పట్టింది."

నేను కిటికీ అద్దం మీది ఉప్పునీళ్ళు తుడిచాను.

"వెనక్కి తిప్పనా?" అంది. "ఆవిడ వీడ్కోలు వేట. బయట గాలి లేస్తోంది. ఇవాళ లంగరు వేయగలిగేది ఆ కొమ్ము చాటునే. చెప్పండి, తిప్పనా?"

"నీ ఇష్టం."

"అవున్లెండి. ఇప్పుడు నా ఇష్టం."

ఆమె తిప్పలేదు. కొండకొమ్ము చాటున అల తగ్గింది. లోతు చూపే తెర మీద గుట్ట నిటారుగా లేచింది. లంగరు పట్టింది. గాలాలు దిగాయి. సీసపు గుండ్లు అడుగు తాకిన మరుక్షణమే నోలీన్ గాలపు కర్ర విల్లులా వంగింది. చేప పైకి రాగానే ఆరుగురూ ఒకేసారి అరిచారు. నేను కొలిచాను. యాభై రెండు సెంటీమీటర్లు. పదకొండేళ్ళలో నా కొలబల్ల అంత చేపను చూడలేదు. తల వెడల్పుగా, ఒంటి మీద నీలం, అంచుల్లో ఆకుపచ్చ, కళ్ళు అటూ ఇటూ తిరుగుతూ.

"ఫొటో! నోలీనక్కా, ఎత్తి పట్టుకో!" అన్నాడు బ్రోడీ.

మెరియానా గదిలోంచి వచ్చి నిలబడింది. "తీసుకోండి. తీసుకుని వదిలేయాలి."

"వదిలేయాలా? కొలత సరిపోయిందిగా!"

"ఎక్కువైంది. ఇక్కడ నలభై ఐదు దాటినవి వెనక్కి పోతాయి. మధ్యవి ఉంచుకోండి."

"ఇదెక్కడి చట్టం?"

"నా పడవ చట్టం."

"పొద్దున ఎక్కేప్పుడు చెప్పలేదే!"

"పొద్దున నాకూ తెలీదు."

బ్రోడీ నావైపు తిరిగాడు. "తాతా, నువ్వైనా చెప్పు. లెక్కలు తెలిసినవాడివి."

"ఆవిడ చెప్పిందే సరి" అన్నాను. "నేను వేసిన లెక్క తప్పు."

నోలీన్ చేపను రెండు చేతుల్లో పట్టుకుని కాసేపు చూసింది. కోరిక ఆవిడ ముఖంలో దాగలేదు. తర్వాత మెరియానాకు అందించింది. మెరియానా పడవ అంచు మీద బోర్లా పడుకుని, చేపను తలకిందులుగా నీళ్ళలోకి జారవిడిచింది. అది ఒక్కసారి తోక కొట్టి, తేరుకోలేక, పక్కకు ఒరిగింది. అంతవరకు దూరంగా నీళ్ళ మీద ముగ్గురు పెద్దమనుషుల్లా కూర్చున్న మాలీమాక్ అనే పెద్ద సముద్రపక్షుల్లో ఒకటి రెక్కలు విప్పింది. దాని ముక్కు చేప వీపు మీద మూసుకుంది. మిగతా రెండూ అరుచుకుంటూ వచ్చిపడ్డాయి. నిమిషంలో నీళ్ళ మీద ఏమీ లేదు.

"భలే" అన్నాడు బ్రోడీ. "వీడ్కోలు నోలీనక్కకి, విందు పక్షికి."

ఒకరిద్దరు నవ్వి ఆపేశారు. మెరియానా లేచి, గది మెట్టు మీద కూలబడింది. తడిసిన చేతులు ఒళ్ళో పెట్టుకుంది. తండ్రి బండ మీద ఏళ్ళ తరబడి ఎవరూ తాకని చేప అది. "నాన్న ఎలా వదిలేవాడో నేనెప్పుడూ సరిగ్గా చూళ్ళేదు" అంది. "చూడ్డం మానేశాను." నేను ఆమె పక్కన కూర్చోవాలనుకున్నాను. మోకాలు వంగలేదు.

"గంప ఏదైనా ఉందా?" నోలీన్ అడిగింది. అంతవరకు ఆవిడ పది మాటలు కూడా మాట్లాడలేదు. "మా ఇంట్లో గద్ద తిరుగుతుంటే కోడిపిల్లల మీద గంప బోర్లిస్తాను. చేప మీద బోర్లించి కిందికి దింపితే? పక్షి ఎంత లోతుకని దిగుతుంది?"

మెరియానా తలెత్తింది. ఎర పెట్టే ప్లాస్టిక్ పెట్టె ఒకటి ఖాళీగా ఉంది. దాన్ని కడిగి, బోర్లించి, నాలుగు మూలలా సీసపు గుండ్లు కట్టి, నడుమ తాడు ముడేశాం. తర్వాతి పెద్ద చేప బ్రోడీకే పడింది. నలభై ఎనిమిది. అతను ఆకాశం వైపు చూసి ఒక బూతు మాట అని, చేపను ఇచ్చాడు. నీళ్ళలో దాని మీద పెట్టె బోర్లించి తాడు వదిలాను. పక్షి వచ్చి ప్లాస్టిక్‌ను పొడిచి, అవమానపడి, తప్పుకుంది. ఆ నీళ్ళు తేటవి; నాలుగైదు మీటర్ల దాకా చూపు ఆనింది. పెట్టె కిందనుంచి నీలంగా ఏదో జారి, నిటారుగా అడుక్కు దిగిపోయింది.

"పోయింది!" అన్నాడు బ్రోడీ, తనే పురుడు పోసినట్టు. "చూశారా? నాదే పోయింది!"

ఖాళీ పెట్టెను పైకి లాగడం దింపినంత సులువు కాదు. నీళ్ళు నిండిన ప్లాస్టిక్ బరువు నా భుజానికి అంతవరకు తెలియదు. ఆ రోజు తొమ్మిది సార్లు లాగాను. ఎనిమిది చేపలు దిగడం చూశాను. ఒకటి దిగలేదు, దాని కన్ను అప్పటికే తెల్లబడింది. ఆ ఒక్కదాన్ని చేపల పెట్టెలో వేశాం. దాని పొట్ట సాయంత్రం కోసి చూడాలి. ఎనిమిదీ బతికాయో లేదో చెప్పడానికి దిగడం ఒక్కటీ చాలదు. ఈ గుట్ట ఆడచేపలతో నిలబడుతుందో లేదో తెలియడానికి కనీసం అయిదారేళ్ళు కొలవాలి. నా వయసుకు అది కొంచెం పెద్ద ప్రయోగం.

తిరుగుదారిలో మధ్యరకం చేపలు, మనిషికి రెండు చొప్పున, పెట్టెలో ఉన్నాయి. బ్రోడీ మౌనంగా చీజ్ రోల్ తింటున్నాడు. మళ్ళీ ఈ పడవ మాట్లాడుకుంటాడని నేననుకోలేదు. మెరియానా నన్ను చుక్కాని గదిలోకి పిలిచింది.

"రేపట్నుంచి రేవు వదలకముందే చెప్పాలి వాళ్ళకి. పెద్దవి ఎందుకు వదలాలో. విని దిగిపోయేవాళ్ళు దిగిపోతారు."

"చెబితే మంచిదే."

"నేను కాదు, మీరు. తప్పు ఎవరు చెప్పారో అది కూడా. నాన్న పేరుతో సహా."

"చెప్తాను."

"రోజూ."

"రోజూ చెప్తాను."

ఆమె తల ఊపింది. క్షమించిందని నేను అనుకోలేదు, అడగనూ లేదు. అలసిపోయిన ఇద్దరు మనుషుల మధ్య పని పంచుకోవడం జరిగింది, అంతే.

మర్నాడు వచ్చినవాళ్ళు నలుగురు అన్నదమ్ములు. రేవులో, వాన తుంపరలో, వాళ్ళ ఎదుట నిలబడి తెయోనె ఏం చేసేవాడో చెప్పాను, నేను ఆయన్ని ఏమన్నానో చెప్పాను, అది ఎందుకు తప్పో చెప్పాను. ఇద్దరు విన్నారు. మూడోవాడు బూటు లేసులు కట్టుకున్నాడు. నాలుగోవాడు చివరిదాకా ఆగి, "అయితే పెద్దది పడితే ఫొటో అయినా తీసుకోవచ్చా పెద్దాయనా?" అని అడిగాడు.

"తొందరగా తీసుకోవాలి" అన్నాను. అతను పడవ ఎక్కాడు. మిగతా ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని, వాళ్ళూ ఎక్కారు.