పన్నెండు నెలల జీతం

నల్లాలు బిగించేవాడికి ఇన్‌కం టాక్సు ఏమిటని మీరు నవ్వొచ్చు. నేనూ నవ్వాను. కామారెడ్డిలో ఒక హాస్టలుకు పైపుల పనంతా నేనే చేస్తే, బిల్లులోంచి ఆరు వేలు పన్ను కింద కోసుకుని, "రిటర్ను వేస్తే వాపసొస్తది నరేందర్" అంటూ చేతిలో ఒక కాగితం పెట్టారు. ఆరు వేలు వదులుకునేంత గొప్పవాణ్ణి కాను. 2011 జులైలో లెక్కలు రాసే బాల్‌కిషన్ సారు దగ్గరికి పోయాను.

ఆయన నా ఖర్చులు అడిగాడు. పానాలు, డ్రిల్లు మిషను, ఎల్లారెడ్డి బస్సు టికెట్లు, ఫోను, అన్నీ ఆదాయంలోంచి తీసేయొచ్చట. ఇన్నేళ్ళూ ఇవన్నీ నా కర్మ అనుకున్నాను, ఖర్చు అని తెలీదు.

"నీ కింద కూలోడు ఉన్నడా?" అన్నాడు.

"ఉండె సార్, ఎల్లయ్య. నిరుడు హోలీకి ముందే పోయిండు. గుండెనొప్పి."

"పోయినోడు వచ్చి అడుగుతడా? ఉన్నట్టు రాద్దాం. నెలకు మూడున్నర వేలు జీతం. నీ పన్ను సున్నా అయితది."

పన్నెండు నెలలకు పన్నెండు రసీదులు రాసి ఇంకు ప్యాడు నా ముందుకు జరిపాడు. ఎల్లయ్యకు సంతకం రాదు, వేలిముద్రే. ఆ రసీదుల మీద ఒక్కొక్కటిగా నా బొటనవేలు నొక్కాను. తప్పని తెలుసు. అయినా నొక్కాను.

ఎల్లయ్యది ఎల్లారెడ్డి. నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద, తొమ్మిదేళ్ళు నాతో పనిచేశాడు. మధ్యాహ్నం వానకు పని ఆగితే సగం కూలి తిరిగి నా జేబులో పెట్టేవాడు. అంత మొండి. పైపుకు టేపు చుట్టమంటే వినేవాడు కాదు. పాత పద్ధతిలో దారం చుట్టి, నీళ్ళు కారకుండా పైన సఫేదా అనే తెల్లటి ముద్ద పూసేవాడు.

ఆగస్టులో ఎల్లారెడ్డి నుంచి అనసూయమ్మ ఫోను చేసింది. వాళ్ళింటి డాబా మీద వాల్వు కారుతోందని నెల రోజులుగా నన్ను తిడుతోంది.

"మీ పెద్దమనిషి వచ్చి మంచిగ చేసిండు నరేందర్. పైసలిస్తే తీసుకోలె. జీతం ముట్టింది అన్నడు."

నేనెవర్నీ పంపలేదు. బస్సెక్కి పోయి చూశాను. వాల్వుకు దారం చుట్టి ఉంది. పని చేసి నాలుగు రోజులైందని ఆమె అంటోంది, సఫేదా మాత్రం తడిగా నా వేలికి అంటింది.

తర్వాత ఇంకో ఇల్లు, ఆ తర్వాత ఇంకోటి. వచ్చినవాడి మొహం ఎలా ఉందంటే ఎవరూ చెప్పలేకపోయారు. చూసేసరికి ఎండ కళ్ళలో కొట్టిందనేవారు. నా సిగ్గులేనితనం కూడా చెప్పాలి. వారం రోజులు నిద్ర పట్టక వణికాను. ఎనిమిదో రోజు నుంచి, ఎలాగూ ఎల్లయ్య చేస్తాడని, కొత్త పనులు ఒప్పుకోవడం మొదలుపెట్టాను.

చనిపోయిన పెద్దలకు బువ్వ పెట్టే పెత్తరమాస అమావాస్య మర్నాడు ఎల్లయ్య భార్య కమలవ్వ పొద్దుటి బస్సులో కామారెడ్డి వచ్చింది. నా గడపలో కూర్చుంది, ఇచ్చిన చాయ్ ముట్టలేదు.

"నిన్న ఆయన పేరు మీద బువ్వ పెట్టిన. పొద్దుమూకేదాక కూసున్న. ఒక్క కాకి వాలలే. పోయినేడు పెట్టంగనే వచ్చె." నా కళ్ళలోకి చూసింది. "అనసూయమ్మ అంతా చెప్పింది. ఆయనను మళ్ళ పన్లె పెట్టినవా?"

ఉన్నదంతా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. తిట్టకపోయేసరికి ఏడుపొచ్చింది.

"నువ్వు జీతం రాస్తివి. ఆ పని తీరకుంట ఆయన బువ్వకు వస్తడా? ఆకలితోని తిరుగుతున్నడు బిడ్డా," అంది.

అప్పటికప్పుడు ఆమెను తీసుకుని బాల్‌కిషన్ సారు దగ్గరికి పోయాను. ఎల్లయ్య జీతం తీసేసి రిటర్ను మళ్ళీ వేయమన్నాను.

"పిచ్చా? వచ్చే ఆరు వేలల్ల నాలుగు వేల చిల్లర పోతది."

"పోనీ సార్."

గొణుక్కుంటూ ఫైలు తీశాడు. నా బొటనవేలి మీద పైపు కోసిన గాటు అడ్డంగా ఉంటుంది, ముద్ర వేస్తే తెల్లటి గీత పడి తీరాలి. పన్నెండు రసీదుల్లో ఒక్కదాని మీదా గీత లేదు. అవి నా ముద్రలు కావు. కమలవ్వ ఒక రసీదు చేతిలోకి తీసుకుని ఆ వేలిముద్రను మెల్లగా నిమిరింది. తర్వాత అన్నీ తనే చింపింది.

అంతటితో అయిపోయిందనుకున్నాను. ఆఫీసు మెట్లు దిగకముందే ఫోను మోగింది. అనసూయమ్మ.

"ఇయ్యాల పొద్దుగాల్నుంచి మా డాబా మీదనే ఉన్నడు. టక్కుటక్కుమని ఒక్కతీరు కొడుతున్నడు. పైకి పోవాలంటె భయమైతుంది."

సంగతి విని కమలవ్వ కొంగు బిగించింది. "ఆయనకు చదువొస్తదా, కాగితం చింపితె తెల్వనీకి? పన్లె పెట్టినోడివి నువ్వు. నువ్వే నోటితోని చెప్పాలె."

మిట్టమధ్యాహ్నం ఎల్లారెడ్డిలో దిగాం. అనసూయమ్మ పెరట్లో ఒక మూలకు నిలబడి ఉంది. డాబా మీద తీగకు ఉతికిన బట్టలు ఆరుతున్నాయి. ట్యాంకు వెనక నుంచి పానాతో పైపును కొడుతున్న చప్పుడు. సగం మెట్లు ఎక్కి ఆగాను. అక్కడి నుంచే అరిచాను.

"ఎల్లన్నా! ఆ జీతం అబద్ధం. నేనే రాసిన. నీకు ఒక్క రూపాయి గూడ ఇయ్యలే. నువ్వు నాకు ఏం బాకీ లేవు. పని అయిపోయింది, ఇంటికి పో!"

చప్పుడు ఆగింది. ఆరేసిన చీర ఒకటి పక్కకు తొలిగి, మళ్ళీ సర్దుకుంది. నేను గోడకు అంటుకుపోయాను. మెట్ల మీద చల్లటి గాలి నన్ను రాసుకుంటూ దిగిపోయింది. సఫేదా వాసన.

కింద పెరట్లో నల్లా తనంతట తానే విప్పుకుంది. అక్కడ ఎవరూ లేరు. ధార మాత్రం నేరుగా పడలేదు. నేలకు జానెడు ఎత్తున ఏదో అడ్డమున్నట్టు చెదిరి, కాసేపు ఒక పక్కకు, కాసేపు ఇంకో పక్కకు చిందింది. తర్వాత నల్లా చుక్క కూడా కారకుండా గట్టిగా కట్టుకుంది.

కమలవ్వ తడి గచ్చు వంకే చూస్తూ నిలబడింది. చెంపల మీది కన్నీళ్ళు తుడుచుకోను కూడా లేదు.

"కాళ్ళు కడుక్కున్నడు," అంది. "నేను పోవాలె. ఇంట్ల బువ్వ లేదు, పొయ్యి ముట్టియ్యాలె."

నా కోసం ఆగకుండా గబగబా గేటు దాటి వెళ్ళిపోయింది.