అరుగు మీద జాగా

జాంజిబార్ పాత పట్నం చూడవచ్చినవాళ్లకు షేమ్సా రోజూ పొద్దున్నే హోటల్ వసారాలో నిలబడి కొన్ని జాగ్రత్తలు చెబుతుంది. భుజాలూ మోకాళ్లూ కప్పుకోండి, ఇక్కడ జనం కాపురాలు చేసుకుంటున్నారు. మనిషిని అడక్కుండా ఫొటో తీయకండి. కొట్టువాణ్ణి ముందు క్షేమం అడిగి ఆ తర్వాత ధర అడగండి, క్షేమం అడగనివాళ్లకు ధర పెరుగుతుంది, ఆ తప్పు మీదే. వెనక సైకిల్ గంట మోగితే గోడకు అతుక్కుపోండి. దారి తప్పితే కంగారుపడకండి, ఈ సందుల్లో దారి తప్పనివాడు లేడు, ఎటు నడిచినా చివరికి సముద్రమో సంతో తగులుతుంది.

ఆ వసారాలో నిలబడే హక్కు ఆమెకు ఊరికే రాలేదు. అంతకుముందు ఏళ్ల తరబడి రేవు గేటు దగ్గర ఎండలో నిలబడింది. పడవ ఆగగానే మగ గైడ్లు మీద మీద పడి ఆమె చేతిలోంచి మనుషుల్ని లాక్కుపోయేవాళ్లు. "ఇంట్లో పొయ్యి ఆరిపోయిందేమో చూసుకో పో" అని ఎగతాళి ఒకటి. సర్కారు లైసెన్సు ఆమె మెడలోనూ వేలాడుతుండేది, ఎవడు చూశాడు? హోటల్లో ఉద్యోగం దొరికాక ఆమె మొదటిసారి గొంతు చించుకోకుండా అన్నం తింది.

అలాంటి ఉద్యోగంలో ఒకరోజు మేనేజర్ గాలిబ్ కొత్త జాగ్రత్త ఒకటి చేర్చాడు.

"అక్కా, బయట అరుగు మీద కూర్చోవద్దని గెస్టులకి చెప్పు. అక్కడుండే ముసలాళ్లతో మాట కలపొద్దని, వాళ్ల కాఫీ ముట్టుకోవద్దని కూడా."

"ఎందుకట?"

"ఎందుకేంటి? తలుపు తీస్తే చాలు, ఆరుగురు తాతలు కళ్లప్పగించి చూస్తుంటారు. గెస్టులు ఇబ్బంది పడుతున్నారు. పెట్టుబడి పెట్టినాయన ఫోన్ చేసి మరీ తిట్టాడు."

గాలిబ్ పరాయివాడైతే షేమ్సాకి అంత ఒళ్లు మండేది కాదు. ఆ ఇల్లు హోటల్ కాకముందు అతని తాతది. ఇత్తడి బొడిపెల తలుపుకు అటూ ఇటూ ఉన్న ఆ రాతి అరుగు కట్టించింది ఆ తాతే. వీడు నడక నేర్చుకుంది దాని అంచు పట్టుకునే. ఈ పట్నంలో అరుగులేని ఇల్లు లేదు. వానాకాలంలో సందు కాలువైతే ఊరంతా అరుగుల మీదుగానే నడుస్తుంది. ఎవరింటి అరుగైనా సరే, కూర్చున్నవాణ్ణి ఎందుకు కూర్చున్నావని అడిగే పాపం ఇంతవరకు ఎవరూ కట్టుకోలేదు.

గాలిబ్ కట్టుకున్నాడు. మధ్యాహ్నానికల్లా అరుగు పొడుగునా పూలకుండీలు బారుతీరాయి. మనిషి కాదు కదా, పిల్లి కూర్చునే సందు కూడా లేదు.

సాయంత్రం ముసలాళ్లు వచ్చి చూసి, ఎదుటి గోడ నీడలో నిలబడ్డారు. ఒకప్పటి పడవలవాడు పాందూ చంకలో వామనగుంటల పలకలాంటి బావో పలక ఉంది, దాన్ని పెట్టే చోటు లేదు. దర్జీ బ్వానా మోకాళ్లు పట్టుకుని మూలిగాడు. కాఫీ అమ్మే నసోరు ఇత్తడి కూజా దించి పక్కన పెట్టుకున్నాడు. బయటికి వచ్చిన షేమ్సా మీద అందరూ ఒక్కసారిగా విరుచుకుపడ్డారు.

"వాళ్ల ఉప్పు తింటున్నావుగా, మన సంగతి నీకెందుకులే" అన్నాడు బ్వానా.

"మెళ్లో వాళ్ల బిళ్ల చూడు, ఎంత మెరుస్తుందో!" అన్నాడు నసోరు.

"మీ ఆరుగురిలో ఒక్కడైనా లోపలికెళ్లి గాలిబ్‌ని అడిగాడా?" అంది షేమ్సా.

పాందూ పలకని ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాడు. అరిచే నోళ్లన్నీ ఆడదాని దగ్గరే లేస్తాయి, అది ఏ ఊళ్లోనైనా అంతే.

మర్నాడు పొద్దున షేమ్సా జాగ్రత్తలన్నీ చెప్పింది, ఆ ఒక్కటి తప్ప. వెనక నిలబడి వింటున్న గాలిబ్ దగ్గాడు.

"ఒకటి మర్చిపోయావక్కా."

"మర్చిపోలేదు."

అతను ఆమెను పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు. "నువ్వంటే నాకు గౌరవం. కానీ రేపు కూడా చెప్పలేదనుకో, ఎల్లుండి నుంచి రావద్దు. రేవు గేటు ఎక్కడుందో నీకు తెలుసుగా."

షేమ్సా భయపడిన మాట నిజం. ఆ గేటు, ఆ ఎండ, ఆ మాటలు అన్నీ గుర్తొచ్చాయి. ఆ రోజు కోట చూపించింది, పాత బానిసల సంత దగ్గర ఎప్పటిలాగే గొంతు తగ్గించి మాట్లాడింది, లవంగాల వాసన చూపించింది. నోరు దాని పని అది చేసుకుపోతూనే ఉంది, ఆమె మనసు మాత్రం అక్కడ లేదు. నాలుగు మాటలే కదా, చెప్పేస్తే పోలేదా అని ఒకసారి అనుకుంది. చెప్పేస్తే తను కూడా ఒక పూలకుండీయేనని ఇంకోసారి అనుకుంది.

సాయంత్రం నమాజు అయ్యాక తన గెస్టులను వెంటబెట్టుకుని హోటల్ సందులోకి వచ్చింది. ఎదుటి గోడకు ముసలాళ్లు ఆనుకుని ఉన్నారు. తలుపు దగ్గరికి రాగానే షేమ్సా ఆగింది.

"ఇంకొక్క సంగతి," అంది. "ఈ ఊరికి వచ్చినవాళ్లు కోట చూడకపోయినా ఫరవాలేదు. అరుగు మీద కూర్చోకుండా మాత్రం వెళ్లకూడదు. కూర్చుంటే మిమ్మల్ని ఎవరూ లేవమనరు. కాఫీ ఇస్తే రెండు చేతులా తీసుకోండి, చేదుగా ఉంటుంది, మొహం చిట్లించకండి."

అని, వంగి మొదటి కుండీ ఎత్తింది. నడుం పట్టేసినట్టయింది. తీసుకెళ్లి వసారాలో దభీమని పెట్టింది. రెండోది ఎత్తింది. జనంలో తెల్లజుట్టు డెన్మార్క్ ఆవిడ సంచీ కింద పెట్టి మూడోది తను పట్టుకుంది, మిగిలినవి తక్కిన గెస్టులు అందుకున్నారు. ఎదుటి గోడ నుంచి మాత్రం ఒక్క చెయ్యి కదల్లేదు.

చప్పుడుకి గాలిబ్ పరుగెత్తుకొచ్చాడు. "ఏంటిది? అక్కా, ఏం చేస్తున్నావు?"

"ఊరు చూపిస్తున్నాను గాలిబ్ గారూ."

"లేవమను వాళ్లని!"

"నువ్వే చెప్పు. నీ గెస్టులే కదా."

అప్పటికే అందరూ కాళ్లు చాపుకుని హాయిగా కూర్చున్నారు. డెన్మార్క్ ఆవిడ గాలిబ్ వైపు చూసి, చాలా బాగుందని బొటనవేలు ఎత్తింది. షేమ్సా మెడలోంచి హోటల్ బిళ్ల తీసి అతని చేతిలో పెట్టింది. రేపు రేవు గేటే. సరే, ఎండ తనకేమీ కొత్త కాదు.

గాలిబ్ నోరు మూతపడిందని తెలిశాక ముసలాళ్లకు ప్రాణం వచ్చింది. సందు దాటి వచ్చి మిగిలిన చోటంతా నిండిపోయారు. బావో పలక అరుగు మీదికి చేరింది. నసోరు కప్పులు టకటకలాడిస్తూ కాఫీ పోశాడు, పల్లీ పట్టీలు పంచాడు. బ్వానా ఒక గెస్టుకి గింజలు ఎలా వెయ్యాలో చూపిస్తున్నాడు. అందరి మొహాలూ పండగలా ఉన్నాయి.

"శభాష్ బిడ్డా!" అన్నాడు పాందూ నోటి నిండా పట్టీ నములుతూ. "మా పరువు నిలబెట్టావు. ఇక ఇంటికెళ్లు, పొద్దుపోతోంది."

షేమ్సా కదల్లేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఈ అరుగు ముందు నుంచి నడిచింది, దీని గురించి లక్షమందికి చెప్పింది, కానీ ఒక్కసారి కూడా దీని మీద కూర్చోలేదు. ఆడవాళ్లకు లోపలి పెరడుంది, మేడుంది, కిటికీ ఉంది. వీధి అరుగు మగవాళ్లది. దేశం కాని దేశం నుంచి వచ్చిన డెన్మార్క్ ఆవిడ దర్జాగా కూర్చోవచ్చు, ఆమెను ఎవరూ లెక్కలోకి తీసుకోరు. నడుం విరిగేలా కుండీలు మోసిన షేమ్సా మాత్రం ఇంటికెళ్లాలి. ఆమెకు కోపం నెత్తికెక్కింది. గాలిబ్ మీద కూడా అంత కోపం రాలేదు.

"జరుగు తాతా," అంది.

"ఆఁ?"

"కాస్త జరుగు. కూర్చుంటాను."

పలక మీద గింజల చప్పుడు ఆగిపోయింది. బ్వానా ఎటో చూశాడు. "మన ఆడాళ్లు ఇక్కడ... అది పద్ధతి కాదు బిడ్డా" అని నసిగాడు నసోరు.

తలుపు దగ్గర గాలిబ్ చేతిలో బిళ్ల తిప్పుకుంటూ నవ్వాడు. "చూశావా అక్కా? ఎవరి కోసం ఉద్యోగం పోగొట్టుకున్నావో!"

"వీళ్ల కోసమని నీకెవరు చెప్పారు?" అంది షేమ్సా.

పాందూ పట్టుపట్టినట్టు అలాగే కూర్చున్నాడు. తుపానులో కూడా చుక్కాని వదలనివాడని ఊళ్లో పేరు. షేమ్సా అతని ముందే, మోకాళ్లు మోకాళ్లకు తగిలేంత దగ్గరగా నిలబడింది. ఎంతసేపైనా నిలబడగలదు. రేవు గేటు దగ్గర నేర్చుకున్న విద్యే అది.

ఎదుటి మేడ కిటికీ రెక్క తెరుచుకుంది. పాందూ పెళ్లాం ఆసియా బొంగురు గొంతు సందంతా మోగింది.

"జరగవయ్యా! ఇంతసేపట్నుంచి పిల్ల అడుగుతుంటే చెవుడొచ్చిందా?"

పాందూ గొణుక్కుంటూ జానెడు జరిగాడు. షేమ్సా కూర్చుని, నసోరు వైపు చెయ్యి చాపింది. అతను పాందూ వైపు చూశాడు, కిటికీ వైపు చూశాడు, కప్పు నింపి ఇచ్చాడు.

కిటికీ రెక్క మూసుకుంది. మేడ మెట్ల మీద చెప్పుల చప్పుడు కిందికి దిగుతోంది.

"ఇంకాస్త జరుగు తాతా," అంది షేమ్సా.