గుర్తించినవారు

పొద్దున్నే చీపురు పట్టుకుని వాకిట్లోకి వస్తే చిజురు ముందు చూసేది నేలని కాదు, గోడని. ఇంటి పక్కన డబ్బులేస్తే కాఫీ డబ్బాలిచ్చే మిషను ఉంది. దాని లైటు తెల్లవార్లూ వెలుగుతుంది కాబట్టి కొండ మీంచి దిగొచ్చిన దీపపు పురుగులన్నీ పొద్దుటికి పక్కనున్న తెల్లగోడకి అతుక్కుపోయి ఉంటాయి. అత్తగారు బతికున్న రోజుల్లో వాటినీ ఊడ్చెయ్యమనేది. "పక్కింటివాళ్లు లేచేలోపు గోడ శుభ్రంగా ఉండాలి. పురుగులు పట్టిన ఇల్లనుకుంటారు. అప్పుడు పోయేది మా వాడి పరువు, నీది కాదుగా!" అనేది. చిజురు అలాగేనండీ అని తలూపేది. నేల ఊడ్చేది, గోడ జోలికి మాత్రం వెళ్లేది కాదు. ఆ ఇంట్లో అత్తగారి మాట దాటింది ఆ ఒక్క విషయంలోనే.

ఇప్పుడామెకి అరవై ఒకటి. ఏప్రన్ జేబులో ఫోనూ, కుట్టుపెట్టెలోంచి తీసుకున్న చిన్న స్కేలూ ఉంటాయి. స్కేలు పక్కన పెట్టి ఒక్కో పురుగునీ ఫోటో తీస్తుంది. వంటింటి పని అయ్యాక ఇస్త్రీబల్ల మీద ఫోను ఆనించుకుని, చొక్కాలు ఇస్త్రీ చేస్తూ, ఆ ఫోటోలని పెద్దవి చేసి చూస్తుంది. ఇదంతా మొదలై పదకొండేళ్లు. భర్త కురెబయాషి మాస్టారు హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాడు, ఊరి పురుగుల సంఘానికి ఉపాధ్యక్షుడు. ఆయనకి కళ్లల్లో పొర వచ్చిన ఏడాది, "ఏయ్, ఈ గీత వంకరగా ఉందా, తిన్నగా ఉందా చూసి చెప్పు" అని పిలిచాడు. చూసి చెప్పింది. మర్నాడూ పిలిచాడు. ఆపరేషనయి కళ్లు బాగుపడ్డాయి గానీ, పిలవడం మాత్రం మానలేదు. కొన్నాళ్లకి ఆయన అడక్కముందే ఆమెకి జవాబు తెలిసిపోయేది.

ప్రతి ఫోటోతో పాటూ సంఘానికి ఒక చీటీ పంపాలి. దొరికిన చోటు, తేదీ, ఫోటో తీసినవారు, గుర్తించినవారు. ఆమె దస్తూరీ ముత్యాల్లా ఉంటుందని చీటీలు రాసే పని కూడా ఆమెదే. చివరి రెండు గళ్లలో భర్త పేరు ఎన్ని వేలసార్లు రాసిందో! మొదట్లో ఏమీ అనిపించలేదు. చొక్కా గుండీ కుట్టినట్టే ఇదీ ఒక పని అనుకుంది. ఒక ఏడు సంఘం సమావేశంలో రెండు గోధుమరంగు పురుగుల్ని వెంట్రుకవాసి గీత చూసి ఎలా విడదీశారో చెప్పుకుని, "మాస్టారి కన్ను కన్ను కాదండీ, భూతద్దం!" అని పెద్దమనుషులంతా తెగ మెచ్చుకున్నారు. ఆ గీత కనిపెట్టిన మనిషి అప్పుడు వాళ్ల వెనకాల నిలబడి మిసో పులుసు పోస్తోంది. మాస్టారు కాదనలేదు, అవుననలేదు. ఇంటికొచ్చే దారిలో, "ఇవాళ పులుసులో ఉప్పు తగ్గింది" అన్నాడు. ఆ రోజు చిజురుకి ఒళ్లు మండింది. మర్నాడు మళ్లీ చీటీల్లో ఆయన పేరే రాసింది.

ఈ జూన్‌లో సంఘం ఊరి పురుగుల మీద బొమ్మల పుస్తకం వేస్తోంది. అచ్చుకి వెళ్లేముందు కాగితాలు మాస్టారి దగ్గరికి వచ్చాయి. పద్నాలుగో పేజీలో చిజురు తీసిన ఫోటో ఉంది. లేతాకుపచ్చ రెక్కలు, అరచేతంత పురుగు. కింద మాస్టారు ఇచ్చిన పేరు. ఈ జాతిలో అచ్చం ఒకేలా ఉండేవి రెండున్నాయి. ఒకటి పెద్దది, అన్నిచోట్లా ఉండేదే. రెండోది పొడుగుతోకది, ఈ ఊళ్లో ఇంతవరకూ ఎవరూ చూడలేదు. మాస్టారు పెద్దదని రాశాడు.

"ఏవండీ, ఇది పొడుగుతోకదేమో" అంది చిజురు.

"పేరులోనే ఉంది కదే పొడుగుతోక అని! దీనికి తోకేదీ?"

"తెగిపోయిందండీ. తోకని నమ్మకూడదు. వెనకరెక్క మీద కంటిమచ్చ చూడండి, నాణెంలా గుండ్రంగా ఉంది. పెద్దదానికైతే కోలగా సాగుతుంది."

"నలభై ఏళ్లుగా పెట్టెల్లో పురుగులు సర్దుతున్నవాణ్ని. నువ్వు గోడ మీద చూసి చెప్తున్నావు. టీ పెట్టు."

టీ పెట్టింది. కానీ ఈసారి మనసు ఊరుకోలేదు. పుస్తకం ఒకసారి అచ్చయితే ఇక ఆ పురుగు ఈ ఊళ్లో లేనట్టే. కళ్లెదుట ఉన్నదాన్ని లేదని తన చేత్తోనే రాసి పంపాలా? మధ్యాహ్నం కూరలకని బయల్దేరి, క్లినిక్ వెనక చిత్తడి నేల దాకా నడిచింది. అక్కడ హన్నొకి చెట్లు ఆరున్నాయి. పొడుగుతోకది గుడ్లు పెట్టేది ఆ చెట్ల మీదే. గోడకీ ఆ చెట్లకీ మధ్య పట్టుమని రెండొందల అడుగులు కూడా లేవు. ఇంటికొచ్చి పదకొండేళ్ల ఫోటోలు ఒక్కొక్కటే తిరగేసింది. ఇంకో మూడు దొరికాయి. మూడింటికీ గుండ్రటి మచ్చే. ఒకదానికి తోక కూడా నిక్షేపంలా ఉంది. మూడింటి చీటీల్లోనూ 'పెద్దది' అని తన ముత్యాల దస్తూరీ.

నాలుగు ఫోటోలూ పక్కపక్కన పెట్టి ఆయన ముందుంచింది. మాస్టారు కళ్లజోడు తీశాడు, పెట్టుకున్నాడు, భూతద్దం తెచ్చాడు. చెడ్డమనిషి కాదు, కనిపించినదాన్ని కనిపించలేదనడు.

"అవును, పొడుగుతోకదే" అన్నాడు. వెంటనే మొహం వెలిగిపోయింది. "ఊళ్లో మొదటిసారి! పుస్తకం చూసే మినెగిషికి ఇవాళే పంపాలి. చీటీలు రాయి, నాలుగూ మళ్లీ రాయి."

"గుర్తించినవారు అన్న చోట?"

మాస్టారు పెద్దమనసు చేసుకున్నట్టుగా, "ఒట్టి కురెబయాషి అని రాయి. మనిద్దరి ఇంటిపేరూ అదేగా, అందులో నువ్వూ ఉన్నట్టే" అన్నాడు. తనే లేచి వెళ్లి పెన్ను తెచ్చిచ్చాడు.

ముప్ఫై ఆరేళ్లయింది చిజురు ఆ ఇంటిపేరులోకి వచ్చి. ఆసుపత్రిలో ఆ పేరుతో పిలిస్తే లేస్తుంది, బ్యాంకులో సంతకానికి బదులు ఆ పేరు చెక్కిన ముద్రే వేస్తుంది. సంఘంలో అయితే ఆ పేరు విన్నవాళ్లెవరూ ఆమె వైపు తిరగరు, మాస్టారి వైపే తిరుగుతారు. అందులో తానూ ఉందట. ఉంటే ఒక్కరికైనా కనిపించాలిగా? తోక చూసి పేరు పెట్టడం లాంటిదే ఇదీ అనుకుంది. పెన్ను చాలాసేపు చేతిలో పట్టుకుని, ఆ తర్వాత నాలుగు చీటీలూ తొందరపడకుండా రాసింది. కవరంటించి, తనే వెళ్లి పోస్టు డబ్బాలో వేసొచ్చింది. వచ్చే దారిలో ఎందుకో ఆకలేసి, బన్ను కొనుక్కుని నడుస్తూనే తినేసింది. కోడలిగా ఈ ఊరొచ్చాక వీధిలో తినడం అదే మొదలు.

మూడో రోజు ఫోను మోగింది. సంఘం పుస్తకం పని చూసే మినెగిషి గారు.

"అమ్మగారూ, మాస్టారున్నారా? చీటీల్లో ఏదో పొరపాటు జరిగినట్టుందండీ. ఫోటో తీసినవారు, గుర్తించినవారు, రెండు చోట్లా ఒబాతా చిజురు అని ఉంది. ఎవరండీ ఈ ఒబాతా గారు? సంఘంలో ఆ పేరు లేదే!"

"పొరపాటు కాదండీ. అది నా పేరు. పుట్టింటివాళ్లది."

అవతల కాగితాలు తిరగేస్తున్న చప్పుడు.

"మరి... ఇంతకుముందు మాస్టారి పేరుతో వచ్చినవి?"

"దస్తూరీ చూడండి" అంది చిజురు. "మీకు ఎప్పుడు వీలైతే అప్పుడు రండి. అన్ని ఫోటోలూ నా దగ్గరున్నాయి, ఒక్కొక్కటీ చూసుకుందాం. ఈ నాలుగింటికీ మాత్రం నేను రాసిన పేరే వెయ్యండి."

"అలాగే... అలాగేనండీ, ఒబాతా గారూ" అన్నాడాయన తడబడుతూ.

ఆ పేరుతో పిలిపించుకుని ఎన్నాళ్లయిందో! చిజురు ఫోను పెట్టేసి, గోడకానుకుని కాసేపు అలాగే నిలబడింది.

లోపల్నించి మాస్టారు కేక. "ఏయ్, ఎవరు ఫోను? మినెగిషేనా? నన్ను పిలవలేదేం?"

"నాకు చేశారండీ" అంది చిజురు. స్కేలు జేబులో వేసుకుని చెప్పులు తొడుక్కుంది. "గోడ మీద కొత్తదేదో వాలినట్టుంది, చూసొస్తాను. టీకి నీళ్లు పెట్టండి, ఇద్దరికీ."