శనివారపు లెక్క

తార్నాకలో ముసలివాళ్లకు మధ్యాహ్నం అన్నం పెట్టే కేంద్రం ఉంచాలా, మూయాలా అన్నది ఆ పూట యూనివర్సిటీ క్యాంపస్‌లో తేలిపోవాలి. సంక్షేమ శాఖ అధికారి శశిభూషణ్ పెన్ను మూత తీసి కూర్చున్నాడు.

"సగం బల్లలు ఖాళీ. నేనంటలేను, మీ యూనివర్సిటీ రిపోర్టే అంటున్నది."

రిపోర్టు రాసిన ప్రొఫెసర్ సూర్యనారాయణ తలూపాడు. ఆయన దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న నవత పక్కనే కూర్చుంది. లెక్క తీయడానికి కేంద్రానికి పోయిన విద్యార్థులకు మిగతా రోజులు క్లాసులు. పోయినప్పుడల్లా శనివారమే పోయారు. ఆ సంగతి పొద్దున చెబితే సార్ "ఇప్పుడు కెలకకు" అన్నాడు. ఆయన మాట కాదంటే తన థీసిస్ ఏ అలమారలో పడుకుంటుందో ఆమెకు తెలుసు. కేంద్రం మూస్తే ఆ ముసలివాళ్లలో సగంమందికి వండిపెట్టే దిక్కు లేదనీ తెలుసు.

"సార్, శనివారం చానమంది ఒక్కపొద్దుంటరు. రాత్రి దీపం పెట్టినంకనే తింటరు. తక్కిన దినాలు మనం చూడనే లేదు."

"నవతా!" సూర్యనారాయణ గొంతు పెరిగింది.

శశిభూషణ్ నవ్వాడు. "ఆకలైనోనికి వారమేంది, వర్జ్యమేందమ్మా? పాండ్రి, కండ్లతోనే చూద్దాం. గీడనే గద."

ఆ రోజూ శనివారమే.

ముగ్గురూ జీపులో బయలుదేరారు. కేంద్రంలో బల్లలు సగానికి సగం బోసిగా ఉన్నాయి. తింటున్నవాళ్లలో ఎక్కువమంది చర్చికి పోయేవాళ్లే, శనివారం ఒక్కపొద్దు పట్టనివాళ్లు.

"చూసినవా?" శశిభూషణ్ పెన్ను మళ్లీ బయటికొచ్చింది.

ముద్ద కలుపుతున్న అమ్మాజీ అనే ముసలామె తలెత్తింది. "గట్ల నిలవడి చూస్తే మాకు దిష్టి తగుల్తది సారూ. కూసోండ్రి, మీరు గూడ ఇంత తినుండ్రి."

వడ్డించే రాహేలు అప్పటికే పళ్లెంలో వేడన్నం పెట్టి ముందుకు చాపింది. శశిభూషణ్ చటుక్కున చేయి వెనక్కి తీసుకున్నాడు.

"వద్దమ్మా. ఇయ్యాల శనివారం, నేను..."

మాట అక్కడే ఆగింది.

"ఒక్కపొద్దా సారూ?" అమ్మాజీ వదల్లేదు. "నా పక్కన కూసొని తినే ఉప్పలయ్య గూడ గంతే. నిన్న నా పప్పు గూడ గుంజుకున్నడు. ఇయ్యాల పత్తాకు లేడు."

శశిభూషణ్ చెవులు ఎర్రబడ్డాయి. సూర్యనారాయణ వైపు తిరిగాడు. "మీ పిల్లలు శనివారమే వచ్చిన్రా?"

ప్రొఫెసర్ ఒప్పుకున్నాడు. "అవును."

"బుధవారం నేనే వస్త. అందాక మూసుడు లేదు." పెన్ను జేబులో పెట్టుకుని ఆయన జీపు దిక్కు నడిచాడు.

సూర్యనారాయణ అక్కడే నిలబడ్డాడు. నవత వైపు చూడకుండానే అడిగాడు. "బుధవారం గూడ బల్లలు నిండకపోతే ఏం జేస్తవు?"

నవత ఖాళీ బల్లల వైపు చూసింది. ఈ మాట అనడం ఆమెకు క్యాంపస్‌లో అన్న మాటకన్నా కష్టమైంది.

"నిండకపోతే, నిండలేదనే రాస్త సార్."