ఆరో అంతస్తు దగ్గర బామ్మర్ది

పెయింటర్ పొద్దున్నే పరంజా ఎక్కి, భుజాలకూ తొడలకూ బెల్టు బిగించుకుని, గోడకు రెండో పూత మొదలుపెట్టాడు. ఆవలింతకో పట్టె చొప్పున వేస్తున్నాడు. రెండు వారాలుగా సెలవు లేదు. అతను చెప్పకపోయినా ఆ గోడే చెబుతుంది.

పక్కనే అతని బామ్మర్ది పడుతున్నాడు. పన్నెండో అంతస్తు నుంచి నెలకో అంతస్తు చొప్పున ఆరు నెలలుగా పడుతూ, ఆరో అంతస్తుకు వచ్చాడు. బెల్టుకు రెండు కొక్కేలుంటాయి. చోటు మారేటప్పుడు ఒకటి కొత్తచోట తగిలించాకే రెండోది తియ్యాలి. పడ్డ రోజు బామ్మర్ది అలసిపోయి, రెండడుగులే కదా అని రెండూ ఒకేసారి తీశాడు. తోటివాళ్లు పట్టుకుని లాగితే రాలేదు, ఆపితే ఆగలేదు. ఎవరి పనికి వాళ్లు వెళ్లిపోయారు. పడుతున్నవాడు పనిలో ఉన్నట్టో లేనట్టో తేలక, సూపర్‌వైజర్ హాజరు పుస్తకంలో ఆ గడి ఖాళీగా వదిలేశాడు. తన తలను కూడా ఆయన అలాగే ఉంచుకుంటాడు. ఎనిమిదో అంతస్తు ముసలామె మాత్రం, అతను తన కిటికీ దాటిన నెలంతా కోడలి మీద చాడీలు చెప్పుకుంది. లేచి వెళ్లిపోకుండా వినే మనిషి ఆమెకు అదే మొదటిసారి దొరకడం.

"అక్క బాక్సు పంపిందా బావా?"

"పంపింది. నీ మీద బెంగతో ఉప్పు రెండుసార్లు వేసింది."

పెయింటర్ పక్క స్తంభం దగ్గరకు జరగాలి. ఒక కొక్కెం తీశాడు. రెండోదాని మీద చెయ్యి వేశాడు.

"ఏం చేస్తున్నావ్ బావా?"

"జరుగుతున్నాన్రా. రెండడుగులేగా."

"నేనూ అదే అన్నాను."

"నువ్వు మొద్దువి."

"ఒప్పుకుంటా. తెలివైనవాడివి కదా, ముందు చేతిలోది అక్కడ తగిలించు. ఆ నీళ్ల గొట్టానికి కాదు, అది పిల్లిని కూడా ఆపదు. పైనున్న ఉక్కు తాడుకి."

"చెయ్యి లేవట్లేదురా."

"నీ ఇష్టం. నువ్వూ వస్తే నాకు కబుర్లకి తోడు. కాకపోతే అక్క రెండు బాక్సులు మొయ్యాలి. అసలే మోకాళ్ల నొప్పులు."

పెయింటర్ విసుక్కుంటూ చెయ్యెత్తి, కొక్కెం ఉక్కు తాడుకు తగిలించాడు. ఒకసారి లాగి చూశాడు. అప్పుడు రెండోది తీసి అడుగు వేశాడు.

కాలి కింద పరంజా పలక తిరగబడింది. పెయింటు డబ్బా ఎవరితోనూ మాట్లాడకుండా నేరుగా కిందకు పోయింది. పెయింటర్ మాత్రం మూరెడు జారి, ఒక్క కుదుపుతో ఆగిపోయాడు. బావా బామ్మర్దులు గాల్లో ఎదురెదురుగా ఉన్నారు. పై నుంచి మనుషులు అరుస్తూ నిచ్చెన తెస్తున్నారు.

"ఆగితే ఎలా ఉంటుంది బావా?" అన్నాడు బామ్మర్ది.

"తొడలు కోసుకుపోతున్నాయిరా. నడుం విరిగినంత నొప్పి."

"నొప్పా!" అన్నాడు బామ్మర్ది. అప్పటికే అతని కళ్లు బావ కళ్లకంటే వెంట్రుకవాసి కిందకు దిగాయి. "ఇంకొంచెం చెప్పు బావా. ఎక్కడెక్కడ?"